రంపమే శాపమైన చేప



ఈ పూట మీతో ఒక సముద్రపు చేప గురించి మాట్లాడాలని వచ్చాను. సముద్రం ఎక్కడ, మా ఇస్లాపూర్ ఎక్కడ, ఈ మాస్టారికి చేపల గొడవ ఎందుకు అని మీలో కొందరికి అనిపించవచ్చు. నిజమే. మాది నాందేడ్ జిల్లాలో, కిన్వట్ తాలూకాలో ఒక మూల ఊరు. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, చుట్టూ టేకు అడవి. మాకు చేప అంటే పెన్‌గంగలో దొరికేదీ, చెరువులో పెరిగేదీ. సముద్రాన్ని సినిమాలో తప్ప చూడని పిల్లలు మా బడిలో చాలామంది ఉన్నారు.

అయినా ఈ సంగతి మా బడిలోనే మొదలైంది. ఒకరోజు ఏడో తరగతిలో జంతువుల శరీరాల గురించి పాఠం చెబుతున్నాను. ఏనుగు తొండం, వడ్రంగిపిట్ట ముక్కు, కప్ప నాలుక, ఇలా ఒక్కొక్కటి ఎందుకు పనికొస్తుందో చెబుతూ పోతుంటే, వెనక బెంచీలోంచి ఒక వడ్రంగి కొడుకు లేచి, "సర్, ఉలి ఉన్న పిట్ట ఉంది గదా, మరి రంపం ఉన్న జంతువు ఉందా?" అని అడిగాడు. తరగతంతా నవ్వింది. "ఉందిరా" అని చెప్పి, నల్లబల్ల మీద బొమ్మ గీశాను. అప్పుడు నవ్వు ఆగిపోయింది. వాడు మళ్ళీ అడిగాడు: "దాన్ని చూడాలంటే ఎక్కడికి పోవాలి సర్?"

మొదటి ప్రశ్నకు జవాబు చెప్పడం తేలికైంది. రెండో ప్రశ్నకు మాత్రం నోట మాట రాలేదు. ఎందుకు రాలేదో ఇప్పుడు మీకు చెబుతాను.

ఆ జీవి పేరు రంపపు చేప. కొందరు రంపపు సొర అంటారు. మరాఠీలో కరవత్ మాసా అంటారు. కరవత్ అంటే రంపమే. రెండు భాషల వాళ్ళూ దాన్ని చూడగానే ఒకే పనిముట్టు పేరు పెట్టారన్నమాట. దాని ముట్టె ముందుకు పలకలాగా పొడుగ్గా సాగి ఉంటుంది. ఆ పలకకు రెండు పక్కలా వరసగా పళ్ళు. దూరం నుంచి చూస్తే ఎవరో సొరచేప మూతికి రంపం బిగించినట్టే ఉంటుంది.

సొరచేప అన్నాను గానీ, నిజానికి ఇది సొర కాదు. టెంకి జాతికి చెందినది. టెంకి అంటే కోస్తా వాళ్ళకు బాగా తెలుసు. బల్లపరుపుగా, చేటలాగా ఉండి, సన్నటి తోకతో సముద్రం అడుగున బురదలో పడుకుని ఉండే చేప. ప్రపంచంలో ఇలాంటి టెంకి రకాలు 600కి పైగా ఉన్నాయి. సొరలకూ టెంకులకూ ఒక పోలిక ఉంది. రెండింటికీ గట్టి ఎముకలు ఉండవు. మన చెవి డొప్పలో వంగే పదార్థం ఉంటుంది చూడండి, దాన్నే మృదులాస్థి అంటారు. వాటి అస్థిపంజరమంతా అదే. మరి సొరనూ టెంకినీ వేరు చేయడం ఎలా? మొప్పల చీలికలు ఎక్కడ ఉన్నాయో చూడాలి. సొరకు పక్కల ఉంటాయి. టెంకికి పొట్ట వైపు, అంటే కింద ఉంటాయి. రంపపు చేపను వెల్లకిలా తిప్పితే మొప్పలు కిందే కనిపిస్తాయి. ఒళ్ళు సొరలాగా ఉన్నా, వంశం టెంకిదే.

ఈ టెంకి అనే తెలుగు మాట రెండు వందల ఏళ్ళ కిందటే లండన్‌లో అచ్చయిందంటే మీరు ఆశ్చర్యపోతారు. రక్తపింజర పాము మనందరికీ తెలుసు. ఇంగ్లీషులో ఆ పాముకు రస్సెల్ అనే డాక్టరు పేరు పెట్టారు. ఆయన ప్యాట్రిక్ రస్సెల్. ఈస్టిండియా కంపెనీ కాలంలో విశాఖపట్నంలో ఉంటూ పాములనూ చేపలనూ పరిశీలించాడు. బెస్తవాళ్ళు తెచ్చిన చేపలకు బొమ్మలు వేయించి, 200 చేపల వివరాలతో 1803లో ఒక పుస్తకం ప్రచురించాడు. అందులో చేపల పక్కన మన వాళ్ళు పిలిచే పేర్లే రాసుకున్నాడు. టెంకి అనే మాట అందులో ఉంది. ముట్టుకుంటే కరెంటు షాకు కొట్టే ఒక రకం టెంకికి విశాఖ వాళ్ళు పెట్టుకున్న తిమ్మిరి అనే పేరూ ఉంది. ఎంత సరైన పేరో చూడండి. చేపలతో బతికేవాళ్ళు పెట్టిన పేరులోనే దాని గుణం తెలుస్తుంది.

ఇక రంపం సంగతికి వద్దాం. ఆ రంపం దేనికి? కలప కోయడానికి కాదు గదా. చాలాకాలం పాటు అది బురద తవ్వుకునే పార అని కొందరు, శత్రువును కొట్టే కత్తి అని కొందరు అనుకున్నారు. ఆస్ట్రేలియాలో పరిశోధకులు ఈ చేపలను తొట్లలో పెట్టి పరిశీలించి, 2012లో ఫలితాలు ప్రకటించారు. ఆ రంపం కత్తీ, కన్నూ రెండూ అని తేలింది. బతికి ఉన్న ప్రతి ప్రాణి ఒంట్లో అతి సన్నటి విద్యుత్తు పుడుతుంది. రంపపు చేప ముట్టె నిండా ఆ విద్యుత్తును పసిగట్టే సన్నటి రంధ్రాలు వేలకొద్దీ ఉంటాయి. బురద నీళ్ళలో కన్ను కనిపించని చోట కూడా చిన్న చేప ఎక్కడ కదిలిందో రంపానికి తెలిసిపోతుంది. తెలిసిన మరుక్షణం రంపాన్ని పక్కకు విసిరి కొడుతుంది. దెబ్బతిన్న చేపను రంపంతోనే అడుగుకు అదిమి, తిప్పుకుని మింగుతుంది. నోరు పొట్ట వైపు ఉంటుంది కాబట్టి ఆ అదమడం అవసరం.

ఇంకొక వింత వినండి. ఈ చేప గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది. మరి కడుపులో రంపం ఉన్న పిల్లలు ఉంటే తల్లి గతేమిటి? ప్రకృతి దానికీ ఏర్పాటు చేసింది. పుట్టేటప్పుడు పిల్ల రంపం మెత్తగా ఉంటుంది. దాని పైన జిగురులాంటి ఒక తొడుగు ఉంటుంది. కత్తికి ఒర ఉన్నట్టు. పుట్టిన కొద్ది రోజుల్లో ఆ ఒర కరిగిపోయి, పళ్ళు గట్టిపడతాయి. పెద్ద పళ్ళ రంపపు చేప ఈతకు 1 నుంచి 13 దాకా పిల్లల్ని కంటుంది. అది ఈడుకు రావడానికి ఎనిమిది, పదేళ్ళు పడుతుంది. బొచ్చె, రోహు లాంటి చేపలు ఒక్కసారికి లక్షల గుడ్లు పెడతాయి. వాటితో పోలిస్తే ఇది మనుషుల లెక్క. ఆలస్యంగా ఎదిగి, కొద్దిమందినే కంటుంది. ఈ లెక్కను గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ప్రపంచంలో రంపపు చేపల జాతులు అయిదే. మొదటిది పెద్ద పళ్ళది. ఏడు మీటర్ల దాకా పెరుగుతుంది. అంటే మా బడిలో తరగతి గది ఈ గోడ నుంచి ఆ గోడ దాకా. రెండోది ఆకుపచ్చ రంపపు చేప. ఇదీ దాదాపు అంతే పెరుగుతుంది. మూడోది సన్న రంపపు చేప. సుమారు మూడున్నర మీటర్లు. దీని రంపానికి మొదట్లో, అంటే తల దగ్గర, పళ్ళు ఉండవు. దాన్ని బట్టే గుర్తుపట్టాలి. ఈ మూడూ మన దేశపు సముద్రాల్లో తిరిగినవే. నాలుగోది పొట్టి రంపపు చేప, ఇప్పుడు ముఖ్యంగా ఆస్ట్రేలియా ఉత్తర తీరంలో ఉంది. అయిదోది చిన్న పళ్ళది, అట్లాంటిక్ సముద్రంలో, ముఖ్యంగా అమెరికాలోని ఫ్లోరిడా, దాని పక్కనున్న బహామా దీవుల దగ్గర మిగిలింది. అన్నీ వెచ్చటి నీళ్ళలో, లోతు తక్కువ ఉన్న చోట, బురద అడుగున, నదులు సముద్రంలో కలిసే చోట బతికేవే.

నదులు అన్నాను కదా, ఇక్కడే మన ఊరికీ సముద్రానికీ లంకె దొరుకుతుంది. మా ఊరి దగ్గరున్న సహస్రకుండ్ జలపాతం మీలో చాలామంది చూసే ఉంటారు. వానాకాలంలో పెన్‌గంగ అక్కడ నల్లరాళ్ళ మీద నుంచి దూకుతుంది. ఆ నీళ్ళు వార్ధా నదిలో కలుస్తాయి. వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహిత అవుతుంది. ప్రాణహిత కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ధవళేశ్వరం దాటాక ఆ గోదావరి పాయలుగా చీలి బంగాళాఖాతంలో కలుస్తుంది. అంటే సహస్రకుండ్‌లో మనం కాళ్ళు కడుక్కున్న నీళ్ళు చివరికి ఈ చేపల ఇంటి ముంగిటికే చేరతాయి.

గోదావరి జిల్లాల వాళ్ళకు పులస సంగతి చెప్పనక్కరలేదు. పుస్తెలమ్మి అయినా పులస తినాలనే సామెత వాళ్ళదే. సముద్రంలోని ఇలస వరదనీటికి ఎదురీది గోదావరిలోకి వస్తే పులస అవుతుంది. అది గుడ్లు పెట్టడానికి వస్తుంది. పెద్ద పళ్ళ రంపపు చేప కూడా నది ఎక్కుతుంది. కాకపోతే నదిలో పెరిగేది దాని పిల్లలు. పెద్ద సొరలు తక్కువగా ఉండే చోట నాలుగేళ్ళు పెరిగి, తరవాత సముద్రంలోకి పోతాయి. దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదిలో సముద్రానికి 1,300 కిలోమీటర్లకు పైగా లోపల కూడా ఈ చేప దొరికింది. నికరాగువా దేశంలో ఒక పెద్ద మంచినీటి సరస్సులో ఇవి గుంపులుగా ఉండేవి. 1970లలో అక్కడ వ్యాపారం కోసం విచ్చలవిడిగా పట్టారు. పదేళ్ళు తిరక్కుండానే చేప కరువై, పట్టడం ఆపమని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. అప్పటికే ఆలస్యమైంది. ఆ సరస్సులో అవి మళ్ళీ మునుపటిలా కనిపించలేదు. ఇందాక చెప్పిన లెక్క ఇక్కడ పనికొస్తుంది. కొద్దిమందినే కనే ప్రాణి, ఒకసారి తగ్గిందంటే తేరుకోవడానికి తరాలు పడుతుంది.

అసలు ఈ చేపకు ఇంత కష్టం ఎందుకొచ్చింది? మాంసం కోసం పట్టారు, రెక్కల కోసం పట్టారు, రంపాన్ని గోడకు తగిలించుకోవడానికి పట్టారు. మడ అడవులు నరికారు, నదులకు అడ్డుకట్టలు వేశారు. ఇవన్నీ నిజమే. కానీ అన్నిటికంటే పెద్ద కారణం వల. అది కూడా వేరే చేప కోసం వేసిన వల. రొయ్యల కోసమో, చందువాల కోసమో వేసిన నైలాన్ వలలో ఈ చేప రంపం చిక్కుకుంటుంది. మామూలు చేప వెనక్కి జరిగి తప్పించుకోవచ్చు. దీనికి రెండు వైపులా పళ్ళు కదా, తప్పించుకోవాలని తల విదిల్చిన కొద్దీ ఇంకా చుట్టుకుపోతుంది. కోట్ల ఏళ్ళుగా దానికి అన్నం పెట్టిన రంపమే, నైలాన్ వల వచ్చాక దాని మెడకు ఉరి అయింది. నూలు వలల రోజుల్లో తెంచుకుని పోగలిగేది. నైలాన్ తెగదు. అందుకే దాన్ని ఎవరూ పగబట్టి చంపకపోయినా అది చచ్చిపోతోంది.

కొన్నేళ్ళ కిందట కాకినాడ వైపు బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడు ఉప్పాడ తీరానికి పోయాను. ఒక ముసలాయన ఇంటి చూరు కింద ఎండిన రంపం వేలాడుతూ కనిపించింది. దుమ్ము పట్టి, రెండు పళ్ళు ఊడి ఉంది. "ఇది ఎప్పటిది తాతా?" అని అడిగాను. "మా అయ్య పట్టిందండి మాస్టారూ. అప్పట్లో ఇది పడిందంటే వల ముక్కలేనండి, తిట్టుకునేవోళ్ళం. ఇప్పుడు వల చింపడానికి కూడా అది రావట్లేదు" అన్నాడు. ఆయన మనవడు పక్కనే నిలబడి ఉన్నాడు. వాడూ సముద్రం మీదికి పోయేవాడే. ఆ చేపను బతికుండగా వాడు ఒక్కసారీ చూడలేదట. మా బడి పిల్లవాడికి సముద్రం దూరం. ఆ కుర్రవాడికి సముద్రం గుమ్మం ముందే ఉంది. అయినా ఇద్దరికీ రంపపు చేప బొమ్మే మిగిలింది.

మన ఒక్క చోటే కాదు. ఒకప్పుడు ఈ చేపలు 90 దేశాల తీరాల్లో ఉండేవి. అందులో సగం దేశాల్లో ఒకటో రెండో జాతులు లేకుండా పోయినట్టేనని 2021లో ప్రచురించిన ఒక పరిశోధన చెప్పింది. పశ్చిమ ఆఫ్రికాలో కొన్ని దేశాల ఉమ్మడి నాణేల మీద నేటికీ రంపపు చేప గుర్తు ఉంటుంది. అక్కడి జనం జేబులో రోజూ దాన్ని మోస్తారు. వాళ్ళ సముద్రంలో మాత్రం అది దాదాపు కనిపించదు. ఇక 2015లో ఫ్లోరిడాలో శాస్త్రవేత్తలు ఒక వింత కనిపెట్టారు. అక్కడి నదుల్లో తిరిగే రంపపు చేపల్లో కొన్ని తండ్రి లేకుండానే పుట్టాయని జన్యుపరీక్షల్లో తేలింది. జోడు దొరకనంతగా సంఖ్య తగ్గిపోవడం దీనికి కారణం కావచ్చునని వాళ్ళ అభిప్రాయం.

మరి చట్టం లేదా అంటారు. ఉంది. మన దేశంలో 2001లోనే రంపపు చేపలను వన్యప్రాణి రక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో చేర్చారు. పులికి ఎంత రక్షణ ఉందో దీనికీ అంతే. పట్టినా, అమ్మినా మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు. దేశాల మధ్య వ్యాపారం కూడా 2007 నుంచి దాదాపు పూర్తిగా, 2013 నుంచి పూర్తిగా నిషిద్ధం. అయినా 2021 మార్చిలో కర్ణాటకలోని మల్పె రేవులో ఒక పెద్ద రంపపు చేప వలలో పడితే, అది రేవుకు వచ్చి అమ్ముడుపోయిందని పత్రికలు రాశాయి. చట్టం వచ్చి అప్పటికి ఇరవై ఏళ్ళు.

ఇక్కడ మనం తొందరపడి బెస్తవాళ్ళను తప్పుపట్టకూడదు. ఒక్కసారి ఆ పడవలో నిలబడి ఆలోచించండి. అప్పు చేసి కొన్న వల. డీజిల్ ఖర్చు. రాత్రంతా మేలుకుని లాగితే, వలలో నాలుగు మీటర్ల రంపపు చేప కొట్టుకుంటోంది. దగ్గరికి పోతే కాలు తెగుతుంది. వదలాలంటే వల కోయాలి. వల కోస్తే వేల రూపాయల నష్టం. చంపి ఒడ్డుకు తెస్తే నాలుగు డబ్బులు. చట్టం ఢిల్లీలో ఉంది, అప్పు ఇంటి గుమ్మంలో ఉంది. ఆ అరగంటలో అతను ఏం చేస్తాడన్న దాని మీదే ఆ చేప ప్రాణం ఆధారపడి ఉంది. కాబట్టి చేపను కాపాడాలంటే ముందు ఆ వల ఖర్చు ఎవరు భరిస్తారో తేల్చాలి.

ఈ మాట నా ఊహ కాదు, చేసి చూపినవాళ్ళు ఉన్నారు. గుజరాత్ తీరంలో తిమింగల సొర అని ఒక భారీ చేప ఉంది. ఒకప్పుడు దాన్ని విపరీతంగా వేటాడేవారు. 2004లో ప్రచారం మొదలైంది. రామకథ చెప్పే మొరారి బాపు, పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లతో దాన్ని పోల్చి జనానికి చెప్పారు. ప్రభుత్వం కోసిన వలకు పరిహారం ఇచ్చింది. వేటాడిన చేతులే వలలు కోసి వందల చేపలను వదిలిపెట్టాయి. మన మహారాష్ట్రలో కూడా 2018 డిసెంబరు నుంచి ఒక పథకం ఉంది. రక్షిత సముద్రజీవిని వల కోసి వదిలి, ఫొటోతో రుజువు చూపితే 25,000 రూపాయల దాకా పరిహారం ఇస్తారు. ఇలాంటి ఏర్పాటు ప్రతి తీర రాష్ట్రంలో ఉండి, డబ్బు ఆలస్యం కాకుండా చేతికందితే, ఆ అరగంటలో బెస్తవాని చెయ్యి వల వైపే పోతుంది.

వదిలే పద్ధతి కూడా అందరికీ తెలియాలి. చేపను పడవలోకి లాగకూడదు, నీళ్ళలోనే ఉంచాలి. రంపం పక్కకు విసురుతుంది కాబట్టి పక్కన నిలబడకూడదు. రంపానికి చుట్టుకున్న తాళ్ళను దూరం నుంచి పొడుగు కత్తితో కోయాలి. అన్నిటికంటే ముఖ్యం, చేపను వదిలేసి రంపాన్ని మాత్రం నరికి ఉంచుకోకూడదు. రంపం పోయిన చేప తిండి వెతుక్కోలేక మాడి చస్తుంది. ఊడిన పన్నయినా దానికి మళ్ళీ రాదు.

దీనితో పాటు పిల్లలు పెరిగే చోట్లు మిగలాలి. కాకినాడ దగ్గర కోరంగి మడ అడవులను 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. అలాంటి బురద, అలాంటి వేళ్ళ సందులే చేప పిల్లలకు ఉయ్యాల. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట ఆపుతున్నారు. అదీ మేలే.

ఇంత చేస్తే ఫలితం ఉంటుందా? ఫ్లోరిడాలో 1995లో తీరం దగ్గర చుట్టుకునే వలలను నిషేధించారు. 2003లో చేపకు జాతీయ రక్షణ ఇచ్చారు. తరవాత అక్కడ వాటి సంఖ్య మెల్లగా నిలదొక్కుకుంది. అలాగని నిశ్చింతగా ఉండడానికి లేదు. 2024 మొదటి నెలల్లో అక్కడే కొన్ని చేపలు గిరగిరా తిరుగుతూ చనిపోవడం మొదలైంది. 50కి పైగా రంపపు చేపలు పోయాయి. కొద్దిగా మిగిలిన సంసారంలో ఒక ఆపద వచ్చినా ఎంత నష్టమో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఇక మా వడ్రంగి పిల్లవాడి ప్రశ్న. మరుసటి వారం వాడిని పిలిచి చెప్పాను. "ఎక్కడికి పోవాలో నేను ఖాయంగా చెప్పలేనురా. కానీ మన సహస్రకుండ్ నీళ్ళు పోయే సముద్రంలో ఎక్కడో కొన్ని మిగిలి ఉంటాయని నమ్ముతున్నాను. నువ్వు పెద్దవాడివయ్యేసరికి అవి ఉంటాయా లేదా అన్నది, వల కోసిన మనిషికి వల ఖరీదు అందిందా లేదా అన్న దాన్ని బట్టి ఉంటుంది" అన్నాను. వాడు కాసేపు ఆలోచించాడు. "మా నాయన రంపం పోతే కొత్తది కొనుక్కుంటాడు సర్, ఆ చేప ఎక్కడ కొనుక్కుంటుంది?" అన్నాడు.

నేను ఇంతసేపు చెప్పినదంతా వాడు ఒక్క మాటలో చెప్పాడు. మీలో సముద్రతీరాన బంధువులు ఉన్నవాళ్ళు ఈ మాట వాళ్ళ చెవిన వేయండి.